కారు నడిపేవాళ్ళకు కడుపు ఎందుకు తిప్పదు?

పెరంబూరు, చెన్నై

చిరంజీవులు చిన్నుకీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

తిరుమల కొండెక్కుతుంటే బుజ్జికి వాంతి అయిందట. "అదే కారు, అవే మలుపులు. మరి నాన్నకెందుకు కాలేదు?" అని అడిగిందని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే ప్రశ్న కాదమ్మా ఇది, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

సూళ్ళూరుపేట దగ్గర మా ఊళ్ళో, నా చిన్నప్పుడు, పొలంలో ఉన్న మా నాన్నకు ఎడ్లబండి మీద మజ్జిగ చెంబు పట్టుకెళ్ళడం నా పని. మా అవ్వ అంచుదాకా నింపి ఇచ్చేది. బండి ఒకే తీరున పోతున్నంతసేపూ చుక్క కిందపడేది కాదు. కదిలేటప్పుడు, ఆగేటప్పుడు, చక్రం గుంటలో దిగేటప్పుడే నా చొక్కా తడిసేది. మా మామ తోలితే అదీ ఉండేది కాదు. గుంట ఇంకా బారెడు దూరంలో ఉండగానే పగ్గం కొంచెం బిగించి, చక్రాన్ని వాలుగా దించేవాడు.

మీ చెవుల లోపలా అలాంటి చెంబు ఒకటుంది. ఒక్కో చెవిలో మూడు సన్నని వంపు గొట్టాలు, వాటి నిండా ద్రవం. పక్కనే సుద్ద రేణువులు. తల తిరిగినా, వంగినా, బండి ఉన్నట్టుండి కదిలినా ఇవి పసిగట్టి మెదడుకు చెబుతాయి. బుజ్జి కళ్ళేమో ఫోన్లో బొమ్మల మీద ఉన్నాయి. బొమ్మ కదలదు కాబట్టి "మనం కూర్చునే ఉన్నాం" అని కళ్ళంటాయి. "నేను ఒలికిపోతున్నాను" అని చెంబంటుంది. ఎవరి మాట నమ్మాలో తెలియని మెదడు కడుపు మీద పడుతుంది. మీ నాన్నకు మలుపు ముందే కనిపిస్తుంది. స్టీరింగ్ తిప్పేది తనే కాబట్టి తల ముందుగానే అటు వాలుతుంది. చెంబు పట్టుకున్నవాడే బండీ తోలుతున్నాడన్నమాట!

అన్ని కుదుపులూ ఒకటి కావు. సెకనుకు 4 నుంచి 8 సార్లు అదిరితే పొట్ట, వెన్ను కదిలిపోతాయి. కడుపు తిప్పేది మాత్రం దాదాపు 5 సెకన్లకోసారి వచ్చే నిదానమైన ఊపు. గతుకుల రోడ్డు మీద ఒళ్ళు నొప్పులు, పడవలో వాంతులు అందుకే.

మా ఇంటికి దగ్గర్లోనే ఐసీఎఫ్ ఉంది, 1955 నుంచి అక్కడ రైలు పెట్టెలు తయారవుతున్నాయి. కొత్త రకం పెట్టె వస్తే అందులో కుదుపులు కొలిచే పరికరాలు బిగించి, రకరకాల వేగాల్లో నడిపి చూస్తారు. ఆ కొలతల నుంచి రైడ్ ఇండెక్స్ అని ఒక అంకె తీస్తారు. అంకె ఎంత తక్కువైతే ప్రయాణం అంత హాయి. 2025 జనవరిలో వందే భారత్ స్లీపర్‌ని గంటకు 180 కిలోమీటర్ల వేగంతో నడిపినప్పుడు, లోపల నిండు నీళ్ళ గ్లాసు పెట్టి వీడియో తీశారు. నీళ్ళు ఒలకలేదు! చూసి ఎంత మురిసిపోయానో. ఆ పెట్టెలు తయారైంది మీ బెంగళూరు బీఈఎంఎల్‌లోనే. చెంబును ఒలికించేది వేగం కాదు పిల్లలూ, వేగం చటుక్కున మారడం. రేపు మీరు బండి నడిపేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. సరిగ్గా ఆగబోయే క్షణంలో బ్రేకు మీద కాలు కాస్త సడలిస్తే వెనక సీట్లో పెద్దవాళ్ళు ముందుకు తూలరు. వాళ్ళకు అంతకంటే మర్యాద ఏం కావాలి?

మీ అమ్మ ఫోన్లోనూ ఒక చెంబుంది. కంటికి ఆనని సిలికాన్ ముక్క ఒకటి సన్నని స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది. ఫోను కదిలితే అది రవ్వంత వెనకబడుతుంది. ఎంత వెనకబడిందో చూసి ఫోను కుదుపు లెక్క కడుతుంది. ఇంత చిన్నదాంట్లో అంత పనితనం! తలుచుకుంటే నాకు మాటలు రావు. ఇక వివరించడం ఆపేస్తాను, మీరే వెళ్ళి చూడండి.

ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేయించుకోండి. జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీవాళ్ళు చేశారు. ఫోన్ని ఖాళీ సీటు మీద పడుకోబెడితే కుదుపులన్నీ గీతలై కనిపిస్తాయి. మెట్రో బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు గీత ఏం చేస్తుందో చూడండి. తర్వాత సిటీ బస్సులో, వెనక చక్రాల మీది సీటులో కాసేపు, ముందు వెనక చక్రాల నడిమి సీటులో కాసేపు చూడండి. చిన్నూ, గీతలు నోట్సులో వేసి నాకు పంపు. బుజ్జీ, బస్సు కదులుతుంటే నువ్వు ఫోన్లోకి చూడకు. అది అన్నయ్య పని. నువ్వు రోడ్డు మీద దూరంగా చూస్తూ, గుంటగానీ మలుపుగానీ రాకముందే అన్నయ్యకు చెప్పు.

ఇట్లు,
మీ తాతయ్య