సీతమ్మ పేరు సతమమ అయింది

పర్లాకిమిడి

చిట్టీ, బాబీ,

వీధిలో పిల్లలకి పుస్తకాలు అరువివ్వడానికి మీరు చేసిన వెబ్ యాప్ రాత్రి వాడి చూశాను. పేరు దగ్గర సీతమ్మ అని కొడితే సతమమ అని చేరింది. కోడ్ తెరిచి చూస్తే కారణం కనబడింది. అక్షరాలు తప్ప ఏమొచ్చినా తీసెయ్యమని రాశారు. హ్యాకర్ల భయంతో రాశారు, ఆ జాగ్రత్త నాకు నచ్చింది. కానీ కంప్యూటర్‌కి 'సీ' ఒక్కటి కాదు. స వేరు, గుడిదీర్ఘం వేరు. ప్రతి గుర్తుకీ ఒక నంబరిచ్చే పట్టిక యూనికోడ్‌లో గుణింతాల గుర్తులకీ, పొల్లుకీ అక్షరాల వర్గంలో చోటు లేదు, వాటిది వేరే వర్గం. ఎదురింటివాళ్ల ఒడియా పేర్లకీ ఇదే గతి పడుతుంది. రాజ్‌కుమార్‌లో జ పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తొకటి ఉంటుంది. కనపడనివన్నీ తీసేస్తే అది కూడా పోయి రాజ్కుమార్ అవుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక ఆఫీసులో ఇంటి నంబర్లు శుభ్రం చెయ్యబోయి మధ్య గీతలు తీసేశాను. 4-12, 41-2 రెండూ 412 అయిపోయాయి. ఏది ఎవరిదో మళ్లీ తేల్చలేకపోయాం. చాలా రోజులు నిద్ర పట్టలేదు నాకు. అందుకే చెబుతున్నా, మనిషి రాసింది రాసినట్టే దాచండి. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు లాంటివి సరిగ్గా లేకపోతే మళ్లీ అడగండి, మీరు దిద్దకండి.

అసలు ప్రమాదం వెతికే చోట ఉంది. పేరుని, డేటాబేస్‌కి ఆజ్ఞలిచ్చే భాష అయిన ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించేశారు. రాజు'స్ టైలర్స్ అని కొట్టగానే ఎర్రర్ వచ్చింది. ఎందుకంటే ఆ కొటేషన్ గుర్తు దగ్గర పేరు అయిపోయిందనుకుని, మిగతాదాన్ని డేటాబేస్ ఆజ్ఞగా చదువుతుంది. కావాలని అక్కడ ఆజ్ఞే రాసేవాడుంటే పిల్లలందరి ఫోన్ నంబర్లూ బయటికొస్తాయి. ఈ కిటుకు 1998లోనే అచ్చయింది. మందు తేలిక. పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, పేరుని విడిగా అందించండి. అప్పుడు అందులో ఏమున్నా అది పేరే, ఆజ్ఞ కాదు.

పుస్తకం మీద అభిప్రాయాలు చూపించే పేజీలో 'సేఫ్' అని పెట్టారు. భద్రత కోసం అనుకున్నారు కదా? పేజీలు తయారుచేసే జింజాలో దానర్థం, ఇది భద్రమని నేను పూచీ, ఎస్కేప్ చెయ్యొద్దు, అంటే కోడ్ గుర్తుల్ని ఉత్త అక్షరాలుగా మార్చొద్దు అని. ఎవరో అభిప్రాయంలో స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం) రాసి పెడితే పేజీ తెరిచిన ప్రతివాళ్ల బ్రౌజర్‌లోనూ అది నడుస్తుంది. 2005 అక్టోబరులో సామీ కామ్‌కర్ రాసిన ఇలాంటి స్క్రిప్టే ఒక్క రోజులోపు మైస్పేస్ అనే సోషల్ సైట్‌లో 10 లక్షలకు పైగా ప్రొఫైళ్లకి పాకింది. ఆ ఒక్క మాట తీసెయ్యండి, మిగతాది జింజా చూసుకుంటుంది.

ఇప్పటికే చెడిపోయిన పేర్లు పిల్లల్ని మళ్లీ అడిగి రాసుకోవాలి, పాతపట్నం నుంచి వచ్చేవాళ్లతో సహా. ఆదివారం భోజనాలయ్యాక వస్తాను. ఈలోగా సీతమ్మ, రాజ్‌కుమార్, రాజు'స్ టైలర్స్, ఎదురింటివాళ్ల పేరు ఒడియా లిపిలో, ఈ నాలుగూ ఎక్కించి ఉంచండి.

మీ అత్త