అందరూ చదివారట!

చిరంజీవులకు,

ఆదివారం ఫోన్‌లో మీరిద్దరూ ఒక్క గొంతుతో "మేం పంపిన పుస్తకం ఇంకా చదవలేదా తాతయ్యా!" అన్నారు. నేనేదో నెల రోజులుగా స్నానం చెయ్యలేదని తెలిసినంత ఆశ్చర్యంగా అన్నారు. ఏం బాగుందర్రా అందులో అంటే అక్కేమో "అందరూ చదువుతున్నారు" అంది, తమ్ముడేమో "సినిమా కూడా తీస్తున్నారు" అన్నాడు. రెండూ నిజమే అయ్యుంటాయి. నేనడిగినదానికి మాత్రం రెండూ జవాబులు కావు. ఫోన్‌లో చెబితే ఉపన్యాసమని పెట్టేస్తారు కాబట్టి రాస్తున్నాను.

ముందు నా సంగతి వినండి. కాలేజీలో ఉండగా ఒక నవల మీద ఒకటే గోల. అది చదవనివాడు మనిషే కాదన్నట్టు మాట్లాడేవారు. లైబ్రరీలో పేరు రాయించుకుని రెండు నెలలు కాచుకుని తెచ్చుకున్నాను. అరవై మూడో పేజీ దగ్గర నిద్ర పట్టేసింది. మర్నాడూ అక్కడే. గుర్తుగా బస్సు టికెట్టు పెట్టాను. పుస్తకం వెనక్కిచ్చేటప్పుడు ఆ టికెట్టు ఇంకా అరవై మూడులోనే ఉంది. ఈలోగా స్నేహితుల మధ్య కూర్చుని "అబ్బ, ఏం రాశాడ్రా!" అని నేనూ నలుగురితో నారాయణ అనేశాను. అక్కడితో ఆగానా? "మనిషి మనసు లోతులు తవ్వి తీశాడు" అని కూడా అన్నాను. ఆ మాట అట్ట వెనక అచ్చేసి ఉన్నదే. అప్పుడు మాలో ఎప్పుడూ పెద్దగా నోరు విప్పని ఒకడు "నీకే చోట నచ్చిందిరా?" అని అడిగాడు. వెటకారం లేదు పాపం, నిజంగానే అడిగాడు. నాకు చెమటలు పట్టేశాయి. టీ తాగొస్తానని లేచిపోయాను. ఎన్నో ఏళ్ల తర్వాత మాటల్లో తెలిసింది, ఆ గుంపు మొత్తంలో దాన్ని చివరిదాకా చదివింది వాడొక్కడేనట. వాడికి చాలా నచ్చిందట కూడా!

నచ్చిందో లేదో తేలకముందే నచ్చిందనేయడం అలవాటైపోతే కొన్నాళ్లకి తనకేది ఇష్టమో తనకే అంతుపట్టదు. నాకో పదేళ్లు అలాగే గడిచాయి. మీ విషయంలో నా బెంగ అదే. ఒక సినిమాకి పోసిన డబ్బు గురించి నాకేం బెంగ లేదు.

గోల ఎలా పుడుతుందో ఒక కథ చెబుతాను, కల్పన కాదు. 1956లో న్యూయార్క్‌లో జీన్ షెపర్డ్ అనే ఆయన రాత్రి పొద్దుపోయాక రేడియోలో మాట్లాడేవాడు. 'బాగా అమ్ముడుపోతున్న పుస్తకాలు' అనే జాబితాల మీద ఆయనకి ఒళ్లుమంట. రేపు దుకాణాలకి వెళ్లి ఫలానా నవల ఉందా అని అడగండి అని శ్రోతలకి చెప్పాడు. నవల పేరు 'ఐ, లిబర్టైన్', రచయిత ఫ్రెడరిక్ ఆర్. యూయింగ్. ఆ నవలా లేదు, ఆ రచయితా లేడు! జనం మాత్రం వెళ్లి అడిగారు. దుకాణాలవాళ్లు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకులాట మొదలెట్టారు. చివరికి బాలంటైన్ అనే ప్రచురణ సంస్థ థియొడోర్ స్టర్జన్ అనే రచయిత చేత ఆ పేరుతో నిజంగానే నవల రాయించి అదే ఏడాది అచ్చేసింది. ముందు గోల, తర్వాత పుస్తకం.

లేని పుస్తకమే కాదర్రా, లేని విమర్శకుడు కూడా ఉన్నాడు. హాలీవుడ్ సినిమా ప్రకటనల్లో డేవిడ్ మానింగ్ అనే ఆయన మెచ్చుకోళ్లు వేసేవారు. ఆయన ప్రచార విభాగం వాళ్లు పుట్టించిన మనిషని 2001లో బయటపడింది. ఉన్న విమర్శకుల మాటల్ని కూడా కాస్త చూసి నమ్మండి. పోస్టరు మీద మాటల మధ్య మూడు చుక్కలు కనిపిస్తే, ఆ చుక్కల్లో ఏం మింగేశారో అని నాకు అనుమానం.

తమ్ముడికి ఇష్టమైన కలెక్షన్ల సంగతికొద్దాం. మొదటిరోజు ఇన్ని కోట్లు అని చెబుతావు కదా, ఆ టికెట్లు కొన్నవాళ్లలో చాలామంది అప్పటికి సినిమా చూడలేదురా! చూడబోతున్నారు. కాబట్టి ఆ అంకె ట్రైలర్ ఎంత బాగుందో చెబుతుంది, హీరో ఎవరో చెబుతుంది, ఎన్ని థియేటర్లలో వేశారో చెబుతుంది. సినిమా సంగతి రెండో వారం నుంచి మొదలవుతుంది. ఆ వారం పోస్టర్లు ఎవరూ నీకు ఫార్వర్డ్ చెయ్యరు.

"ఏమీ లేకుండానే అంతమంది వెళ్తారా?" అని అక్క అడుగుతుంది, నాకు తెలుసు. దీని మీద ఒక మంచి ప్రయోగం జరిగిందమ్మా. కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2006లో ప్రచురించారు. ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 తీసుకుని, 14 వేల మందికి పైగా జనానికి ఇంటర్నెట్‌లో వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగతావాళ్లని ఎనిమిది గుంపులు చేసి, ఏ పాటని తమ గుంపులో ఎంతమంది దించుకున్నారో కూడా చూపించారు. అవే పాటలు, అలాంటి మనుషులే. అయినా ఒక గుంపులో మొదటి స్థానం కొట్టిన పాట ఇంకో గుంపులో నలభయ్యో స్థానంలో పడింది! బాగా మంచి పాటలు మరీ అడుక్కి పోవడం, మరీ నాసివి పైకి రావడం అరుదేనట. నడిమి పాటలకి మాత్రం ఏమైనా జరగొచ్చు. మొదట్లో నలుగురు ఎటు మొగ్గితే తర్వాతివాళ్లూ అటే. మనం గొర్రెదాటు అనేది దీన్నే.

ఇంతా విని, జనానికి నచ్చిందల్లా చెత్త అనుకుంటారేమో, అదింకో జబ్బు. నాకూ వచ్చింది, ఆ పదేళ్ల తర్వాత. పేరున్న పుస్తకమైతే చాలు, ముట్టుకునేవాణ్ణి కాదు. పెద్ద మేధావినన్నమాట! అప్పుడూ నా పుస్తకాలు ఎంచింది జనమే, తిరగేసి ఎంచారంతే. 'పరప్రత్యయనేయబుద్ధి' అని ఒక మాటుంది, పరుల నమ్మకం ఎటు లాక్కెళితే అటు పోయే బుద్ధి అని. కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం' మొదట్లో సూత్రధారుడి చేత అనిపించాడు. భాసుడి వంటి పేరున్న కవుల్ని వదిలి ఈ కొత్తవాడి నాటకం ఎందుకు అని అడిగితే, పాతదల్లా మంచిదీ కాదు, కొత్తదల్లా చెడ్డదీ కాదు, తెలిసినవాళ్లు పరీక్షించి తీసుకుంటారు అంటాడు. అంటే అప్పటికి కాళిదాసుకి కూడా టాక్ లేదు! మెల్విల్ రాసిన తిమింగలం నవల 'మోబీ డిక్' కూడా అంతే. 1851లో వచ్చింది, ఆయన బతికుండగా సరిగా అమ్ముడుపోలేదు. 1891లో ఆయన పోయాక, 1920లలో గాని జనం దాన్ని నెత్తిన పెట్టుకోలేదు.

పరీక్ష అంటే పెద్ద పెద్ద పద్ధతులేం లేవు నా దగ్గర. కొత్తదేదైనా గోల మొదలైతే రెండు నెలలు ఆగుతాను. అప్పటికి గోల సగం చల్లారుతుంది, ఎవరో ఒకరు ఇంకా ఏదో ఒక సన్నివేశం తలుచుకుంటూ ఉంటే అప్పుడు తెచ్చుకుంటాను. (ఆగలేకపోతే వెళ్లండి, ఏం కొంపలు మునగవు. మీ వయసులో ఆగడం కష్టమే.) చూసొచ్చాక ఫోన్ తెరిచి ఎవరేమన్నారో చదవకముందే, గుర్తున్న ఒక్క చోటు కాగితం మీద రాసుకుంటాను. 'అద్భుతం', 'వేరే లెవెల్' వంటివి రాయకూడదు. ఎవరు ఏం చేశారు, నాకేమనిపించింది, అంతే. ఒక్కోసారి ఎంత గింజుకున్నా ఒక్క చోటూ తట్టదు.

మీరు పంపిన పుస్తకం నిన్న తెరిచాను. రెండు నెలలు ఆగలేదు, పంపింది మీరు కదా. నలభై పేజీలయ్యాయి. ఆ ముసలావిడ తాళంచెవి ఎక్కడ పెట్టిందో మరిచిపోయి, తాళం మార్చుకోకుండా తలుపే తీసిపెట్టుకుని కూర్చుంటుందే, అక్కడ ఆగి మళ్లీ చదివాను. మీకు గుర్తుందా ఆ చోటు? లేకపోతే ఫర్వాలేదు, మీకు గుర్తున్న చోటేదో రాయండి. చివర్లో ఏమవుతుందో మాత్రం చెప్పకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య