పందొమ్మిదో గేటు వెనక మూతపడ్డ ఫ్యాక్టరీ

2024 ఆగస్టు 10, శనివారం రాత్రి కర్ణాటకలోని తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైన్ తెగి, గేటు కొట్టుకుపోయింది. తెల్లారేసరికి రాజోలి, అలంపూర్ వైపు ఏ ఫోన్ చూసినా అదే వీడియో. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డలో మొదట అందరి నోటా వచ్చింది వరద మాటే. 2009 అక్టోబరులో రాజోలి మునగడం కళ్లారా చూసినవాళ్లు కదా. ఆ టెన్షన్ తగ్గాక ఇంకొకటి పట్టుకుంది: ఉన్న నీళ్లన్నీ ఇట్లా పోతే యాసంగికి మన పొలాలకు తుంగభద్ర నీళ్లు తెచ్చే ఆర్డీఎస్ (రాజోలిబండ డైవర్షన్ స్కీమ్) కాలువలో ఏం పారుతుంది? ఆ గేట్లు చేసిన ఫ్యాక్టరీ ఏమైందని మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు.

ఈ డ్యామ్‌కు 1945 ఫిబ్రవరి 28న రెండు ఒడ్డుల్లో రెండు శంకుస్థాపనలు జరిగాయి. ఒకవైపు నిజాం పెద్ద కొడుకు ప్రిన్స్ ఆఫ్ బేరార్, మరోవైపు మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్. పాలమూరు అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోనిదే కాబట్టి ఆ రాళ్లలో ఒకటి మన వాటా కిందే లెక్క. కట్టడం రాయి, సున్నం, సుర్కీతో (ఇటుక పొడితో). పైన 33 గేట్లు, ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. అంత ఇనుప పని కోసం హోస్పేట దగ్గర డ్యామ్ పక్కనే వర్క్‌షాపు పెట్టారు. 1953లో నీళ్లు వదిలాక కూడా దాన్ని ఎత్తేయలేదు. 1960లో అదే తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ అయింది. రెండు రాష్ట్రాల వాటాలతో మొదలై, తర్వాత కేంద్రం చేతికి పోయింది.

గేటు అంటే పెద్ద రేకు కాదు. నీళ్లు ఆనే వైపు స్కిన్ ప్లేటు, దాని వెనక అడ్డంగా గర్డర్లు, పక్కల రోలర్లు, అంచులకు రబ్బరు సీలు. వెల్డింగ్ వేడికి అంత పొడుగు ప్లేటు వంకర తిరుగుతుంది. ఆ వంకర సరిచేయకపోతే సీలు సరిగ్గా ఆనదు, గేటు మూసినా సందులోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఏ అతుకు ముందు వేయాలి, ఎక్కడ ఆగి చల్లారనివ్వాలి అన్నది డ్రాయింగ్‌లో సగమే దొరుకుతుంది. మిగతా సగం చేసి చేసి రావలసిందే.

దేశమంతా డ్యామ్‌లు కట్టినన్నాళ్లు ఈ ఫ్యాక్టరీకి పని ఉంది. గేట్లు, టర్బైన్లకు నీళ్లు తీసుకెళ్లే పెన్‌స్టాక్ గొట్టాలు, క్రేన్లు చేసింది. తర్వాత ఆర్డర్లు తగ్గాయి, మెషీన్లు పాతబడ్డాయి, నష్టాలు పేరుకున్నాయి. 2015 డిసెంబరులో కేంద్రం మూసేయాలని నిర్ణయించింది. ఊరు పెరిగాక ఫ్యాక్టరీ కన్నా దాని కింది భూమికే గిరాకీ వచ్చింది. మన దగ్గర పాత ఫ్యాక్టరీల కథ చాలావరకు ఇట్లనే ముగుస్తుంది.

ఫ్యాక్టరీ ఉండి ఉంటే చైన్ తెగేది కాదు అనను. అరిగిన లింకును చూసుకోవాల్సింది డ్యామ్‌ను నడిపేవాళ్లు. తెగిన తర్వాత జరిగింది మాత్రం చూడండి. గేటు పోతే అడ్డం పెట్టడానికి స్టాప్‌లాగ్‌లు ఆ డ్యామ్‌కు లేనేలేవు. 60 అడుగుల పొడుగు, 4 అడుగుల ఎత్తు ముక్కలు ఐదు, అప్పటికప్పుడు హోస్పేట చుట్టుపక్కల ప్రైవేటు వర్క్‌షాపుల్లో, తోరణగల్లు జిందాల్ ప్లాంటులో చేయించారు. రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడును పిలిపించారు. ఆగస్టు 16 రాత్రి నీళ్లు పారుతుండగానే మొదటి ముక్క దించారు. మర్నాటికి మిగతావీ దిగాయి. వారం రోజులు రైతులు క్రేన్ వైపే చూస్తూ కూర్చున్నారు.

ఆర్డీఎస్‌లో మన తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు, ఆయకట్టు 87,500 ఎకరాలు. అవి కాగితం మీది లెక్కలు. కాలువ మొదట 42 కిలోమీటర్లకు పైగా కర్ణాటకలోనే పారి ఇటు వస్తుంది. కడుపులో పూడిక చేరి డ్యామ్ ఇప్పటికే 105 టీఎంసీలకు పడిపోయింది. దానికి తోడు 2025లో పాత గేట్లను నమ్మలేక నీటి నిల్వను 80 టీఎంసీలకే ఆపారు. గేటు బలహీనత ఇట్లా నేరుగా అలంపూర్ చివరి మడిదాకా వస్తుంది.

33 గేట్లూ మార్చాలని తేల్చారు. ఆ పని గుజరాత్ కంపెనీకి వెళ్లింది. గేట్లు చేయడానికే పుట్టిన ఫ్యాక్టరీ స్థలం ఆ డ్యామ్ పక్కనే ఉంది.