గిటారుకు కొత్త రంగు: పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

ఎలక్ట్రిక్ గిటారు రంగు మార్చాలంటే పాత రంగంతా గీకేయాలనే మీరు అనుకుంటూ ఉంటారు. అక్కర్లేదు. పాత పూత ఎక్కడా పెచ్చులు లేవకుండా గట్టిగా ఉంటే, కొత్త రంగుకు అంతకన్నా మంచి పునాది దొరకదు. ఇప్పుడొచ్చే గిటార్లలో చాలావాటికి పాలియెస్టర్ పూత ఉంటుంది. అది మందం, మహా మొండిది, మామూలు పెయింట్ రిమూవర్‌కు లొంగదు. హీట్ గన్ పెడితే చెక్క మాడే ప్రమాదం, పైగా విషపు పొగ. చెక్క చారలు బయటికి కనబడాలనుకుంటేనే మొత్తం తీయాలి, అది పెద్దవాళ్లు చేయాల్సిన పని. గిటారు మరీ పాతకాలపుదైతే అసలు ముట్టుకోకండి. సొంత పూత పోతే దాని విలువ పడిపోతుంది, ఆ రంగులో సీసం కూడా ఉండొచ్చు.

విప్పేటప్పుడు ముందు తీగలు వదులు చేసి తీసేయండి. నెక్ (గిటారు పొడవాటి మెడ) స్క్రూలతో బిగించి ఉంటే వెనకవైపు సాధారణంగా 4 ఉంటాయి. అతికించిన నెక్ అయితే ఊడదు, కాగితం చుట్టి టేపు వేయాల్సిందే. బ్రిడ్జికి (ఒంటి మీద తీగలు ఆనే లోహపు ముక్క) గానీ, వెనక స్ప్రింగులు తగిలించిన కొక్కేనికి గానీ ఒక ఎర్త్ వైరు కలిపి ఉంటుంది, చూసుకోకుండా లాగితే తెగుతుంది. వైర్లు విప్పే ముందు ఫొటో తీసుకోండి. స్క్రూల పొడవులు వేరువేరు కాబట్టి అట్టముక్క మీద గిటారు బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూ ఆ చోట గుచ్చి పెట్టండి.

తర్వాత జిడ్డు తుడవాలి, ఉప్పుకాగితం పట్టకముందే. గిటారు పాలిష్‌లో సిలికాన్ ఉంటే, తుడవకుండా రుద్దినప్పుడు అది గీతల్లోకి దిగిపోతుంది. అక్కడ కొత్త రంగు నిలవక గుండ్రటి గుంటలు పడతాయి. వైట్ స్పిరిట్‌తో (రంగు పలచబరిచే ద్రావకం) తుడిచి, మరో పొడిగుడ్డతో వెంటనే ఎత్తేయండి. సొట్టలుంటే కార్లకు వాడే, రెండు భాగాలు కలిపే లప్పం పెట్టి, ఆరాక 180 నంబరు ఉప్పుకాగితంతో సమం చేయండి (నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు). ఆపైన ఒళ్లంతా 320తో రుద్దాలి. చదునుగా ఉన్నచోట కాగితాన్ని చెక్కముక్కకు చుట్టండి, వంపుల్లో వేళ్లతో తేలిగ్గా చాలు. పని అయిందో లేదో తెలియాలంటే దీపం పక్కన ఏటవాలుగా పట్టి చూడండి. ఎక్కడ మెరుపు కనిపిస్తే అక్కడ రంగు పట్టదు.

నెక్ కూర్చునే గాడికి టేపు వేయడం మర్చిపోవద్దు. అందులో రంగు పేరుకుంటే నెక్ దిగదు, బలవంతాన తోస్తే అంచు దగ్గర పూత చిట్లుతుంది. టేపు మీదనే ఆ స్క్రూ బెజ్జాలకు ఒక కర్ర బిగిస్తే, పట్టుకోవడానికీ వేలాడదీయడానికీ పనికొస్తుంది.

ప్రైమరు (అడుగు పూత), రంగు, క్లియర్ (పైన వేసే రంగులేని పూత) మూడూ ఒకే రకానివి కొనండి. ఎనామిల్ (నిదానంగా ఆరే రంగు) మీద లాకర్ (ద్రావకం ఆవిరై ఆరే పూత) కొడితే కింది పొర ముడతలు పడుతుంది. పూతను గట్టిపరిచే రసాయనం కలిపి వాడే 2కె (రెండు భాగాల) డబ్బాల జోలికి పోవద్దు. వాటిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చేటు. మామూలు స్ప్రేకైనా ఆరుబయట, పెద్దవాళ్లు పక్కన ఉండగా, రసాయన ఆవిర్లను ఆపే మాస్కుతోనే. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

డబ్బాను 25–30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, గిటారు బయటే నొక్కడం మొదలుపెట్టి, అవతలి అంచు దాటాకే వదలండి. ముందు అంచులు, తర్వాత ముఖం. ప్రైమరు 2–3 కోట్లు వేసి, ఆరాక 400తో నునుపు చేయండి. రంగు 3–4, క్లియర్ 6–8 కోట్లు. మొదటి రంగు కోటు కింద ప్రైమరు కనిపిస్తూనే ఉండాలి, ఒక్కసారే కప్పేయాలని చూస్తే కారుతుంది. కారినచోట తడిమీద వేలు పెట్టకండి, గట్టిపడ్డాక రుద్దేయొచ్చు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు లాకర్ తెల్లగా పొగబారుతుంది, ఆ రోజు పని మానేయడమే మేలు. కోటుకూ కోటుకూ మధ్య ఎంతసేపన్నది డబ్బా మీద చూసి అలాగే పాటించండి.

ఇక ఆగడం. లాకర్ పైకి గంటలో ఆరినట్టుంటుంది గానీ లోపల మెత్తగానే ఉంటుంది, 3–4 వారాలు వదిలేయండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకూడదు. తొందరపడి మెరుగుపెడితే, మిగిలిన ద్రావకం పోయేకొద్దీ పూత కుంగి పాత గీతలు మళ్లీ తేలతాయి.

మెరుగుకు 1000, 1500, 2000 నంబర్లు, సబ్బు చుక్క కలిపిన నీళ్లు చాలు. స్క్రూ బెజ్జాల్లోకి నీళ్లు దిగితే చెక్క ఉబ్బి చుట్టూ పూత పగులుతుంది, ముందే మైనం నింపండి. రుద్దేటప్పుడు వచ్చే బురద తెల్లగా ఉన్నంతసేపు మీరు క్లియర్ మీదే ఉన్నారు. అందులో రంగు కనిపించగానే ఆపేయండి. అంచుల దగ్గరే ఇది ముందు జరుగుతుంది, అందుకే అక్కడ చివర్లో రెండు మూడు రుద్దులకు మించవద్దు. ఆపైన రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి మెత్తటి గుడ్డతో తోమండి.

రంగు మారితే శబ్దం మారుతుందా అని వాదించేవాళ్లు మీకు తారసపడతారు. పికప్ (తీగల కింద ఉండే అయస్కాంతపు భాగం) పట్టేది ఉక్కు తీగల కదలికను. ఆ వాదనలో పడి సాయంత్రాలు పాడుచేసుకోకండి.

బిగించేటప్పుడు ప్రతి స్క్రూనీ ముందు వెనక్కి తిప్పండి. టక్కుమని పాత మరలో పడ్డాకే ముందుకు తిప్పాలి, లేకపోతే కొత్త మర కోసుకుని బెజ్జం వదులైపోతుంది. మీరు వాడింది నైట్రో (నైట్రోసెల్యులోజ్) లాకర్ అయితే, స్టాండు రబ్బరు తగిలేచోట నూలుగుడ్డ చుట్టండి. ఆ రబ్బరు తగిలిన చోట పూత కరిగి మచ్చ పడుతుంది.

మీ తాతయ్య