నీళ్ళకి మోటరు లేదు, ఉప్పే లాక్కుపోవాల

అనంతపురంలో ఎండలు ముదిరినాయంటే మెడికల్ షాపుల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు కౌంటర్ మీదికే వచ్చేస్తాయి. ప్యాకెట్ వెనకాల చదివితే ఉప్పు, గ్లూకోజు, ఇంకో రెండు లవణాలు, అంతే. ఇంతోటి దానికి ప్యాకెట్ ఎందుకప్పా, విరేచనాలైతే చెంబుడు నీళ్ళు తాగిస్తే చాలదా అనేవాళ్ళు చానామందే ఉన్నారు. చాలదు. పేగులోకి దిగిన నీళ్ళు ఒంట్లోకి చేరినట్టు లెక్క కాదు, మధ్యలో పేగు కణాల చుట్టూ ఉండే పొర ఉంది, దాని రూల్స్ దానివి.

మిల్లీమీటరుని లక్ష ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్క కంటే కూడా పల్చన ఈ పొర. దేంతో తయారైందో తెలియాలంటే మన చెనిక్కాయ నూనె దగ్గర మొదలుపెట్టొచ్చు, నూనె అణువులో మూడు కొవ్వు తోకలుంటాయి, మూడూ నీళ్ళంటే పడనివే, అందుకే నూనె నీళ్ళలో కలవదు. వాటిల్లో ఒక తోక తీసేసి అక్కడ ఫాస్ఫేట్ ఉన్న తల ఒకటి పెడితే అది ఫాస్ఫోలిపిడ్. తలకి నీళ్ళు కావాల, తోకలకి వద్దు. ఇట్లాంటివి కోట్లకొద్దీ నీళ్ళలో పడితే ఎవురూ చెప్పకుండానే రెండు వరసలుగా సర్దుకుంటాయి, తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి. గానుగ నూనె అడుగున మడ్డి దిగుతుంది గదా, అందులో కూడా కొంత ఈ ఫాస్ఫోలిపిడ్లే.

రెండు వరసలని 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు డచ్ సైంటిస్టులు పట్టుకున్నారు. ఎర్ర రక్తకణాల కొవ్వంతా తీసి నీళ్ళమీద పరిస్తే అది కణాల పైతలం వైశాల్యానికి దాదాపు రెట్టింపు వచ్చింది. తమాషా ఏందంటే వాళ్ళ కొలతల్లో రెండు తప్పులున్నాయి, కొవ్వు పూర్తిగా రాలేదు, కణం సైజు కూడా తక్కువేసుకున్నారు, ఒకదానికొకటి కొట్టేసుకుని జవాబు మాత్రం కరెక్టుగా వచ్చింది! తర్వాత 1972లో సింగర్, నికల్సన్ ఈ పొర గట్టి గోడ కాదు, నూనెలాగా కదులుతా ఉంటుంది, అందులో ప్రోటీన్లు తేలుతుంటాయి అని చెప్పారు.

ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఈ కొవ్వులోంచి ఈజీగా దూరిపోతాయి. నీళ్ళు కొంచెం కొంచెంగా పోతాయి. గ్లూకోజు దాదాపు పోదు, ఉప్పులోని సోడియం అయితే అసలే పోలేదు, దానికి విద్యుత్ ఛార్జ్ ఉంది కాబట్టి. వీటికి ప్రోటీన్ల దార్లే గతి. నీళ్ళకి కూడా ఆక్వాపోరిన్ అనే స్పెషల్ దారి ఉందని పీటర్ ఆగ్రే 1992లో చూపించాడు, ఒక్కో దాంట్లోంచి సెకనుకి వందల కోట్ల నీటి అణువులు పోగలవు. 2003లో నోబెల్ కూడా వచ్చింది.

అయితే దారి ఉంటే సరిపోదు. మన బోర్లలో దించినట్టు నీళ్ళని లాగే మోటరు ఒంట్లో యాడా లేదు, ఉప్పు, చక్కెర లాంటివి ఎటు పోతే నీళ్ళు వాటి వెనకే పోతాయి. మోటరున్నది సోడియానికి. 1957లో యెన్స్ స్కో పీత నరాల్లో కనుక్కున్న పంపు అది, ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు పెట్టి 3 సోడియాలని కణం బయటికి తోసి 2 పొటాషియాలని లోపలికి తెచ్చుకుంటుంది, రాత్రీపగలూ అదే పని. దానివల్ల కణంలో సోడియం ఎప్పుడూ తక్కువే, బయటున్న సోడియానికి లోపలికి రావాలని ఒకటే తొందర.

ఆ తొందరనే పేగు వాడుకుంటుంది. పేగు లోపలి వైపు ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంది, 2 సోడియాలూ 1 గ్లూకోజూ కూడితేనే అది లోపలి వైపుకి తిరిగి వాటిని కణంలోకి వదులుతుంది. గ్లూకోజు లేకుంటే సోడియం ఈ దారిలో రాదు, సోడియం లేకుంటే గ్లూకోజు రాదు. రెండూ వస్తే అవతలి వైపు పంపు సోడియాన్ని రక్తం వైపు తోస్తుంది, నీళ్ళు వెంటబడి పోతాయి.

కలరాలో విషం పేగు కణాల్లోని క్లోరైడ్ (ఉప్పులో సోడియంతో పాటుండేది) గేట్లని తెరిచిపెట్టేస్తుంది, ఉప్పూ నీళ్ళూ పేగులోకి కారిపోతానే ఉంటాయి, కానీ ఎస్‌జీఎల్‌టీ1 జోలికి మాత్రం పోదు. ఆ ఒక్క సందు చాలు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిపోయిన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ క్యాంపులో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు, 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి దిగినాయి.

కొలత మాత్రం ముఖ్యం. 2002 నుంచి డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాలో సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్స్ లీటరుకి, అంటే అణువుల లెక్కలో సరిసమానం. తియ్యగా ఉంటే పిల్లోడు తాగుతాడని కూల్‌డ్రింకు పోస్తే లోపలికి పోలేని చక్కెర పేగులోనే నిలిచి నీళ్ళని వెనక్కి లాగుతుంది, విరేచనాలు ఇంకా ఎక్కువైతాయి. అదే ఉప్పేసిన బియ్యం గంజి అయితే ఈ తంటా తక్కువ, పిండి పదార్థం పెద్ద అణువు గాబట్టి నీళ్ళని అంతగా లాగదు, పేగులో మెల్లగా తెగి గ్లూకోజుగా మారేకొద్దీ ఎస్‌జీఎల్‌టీ1 తీసేసుకుంటా పోతుంది.