గ్లేజ్ కుండకి పట్టకపోతే తప్పు కిల్న్‌దేనా? అపోహలు - వాస్తవాలు

కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) తెరవగానే గిన్నె లోపల గ్లేజ్, అంటే కుండ మీద గాజులా కరిగి అంటుకోవాల్సిన పూత, పక్కకి జరిగిపోయి, మధ్యలో బోసి మట్టి కనిపిస్తే చాలామంది మొదట అనుమానించేది మంటనే. వేడి ఎక్కువైందనో, తొందరగా పెరిగిందనో అనుకుంటారు. క్రాలింగ్ అనే ఈ సమస్య చాలాసార్లు కుండ కిల్న్‌లోకి వెళ్లకముందే, గ్లేజ్ పొడిగా ఆరిన దశలోనే తయారై ఉంటుంది. ఆ దశలో కుండని వెలుతురులో తిప్పి చూసే అలవాటు ఉంటే సగం కుండలు దక్కించుకోవచ్చు.

అపోహ: గ్లేజ్ ఆరాక వచ్చే సన్న పగుళ్లు కరిగేటప్పుడు వాటంతట అవే పూడిపోతాయి.

వాస్తవం: కొన్ని పూడతాయి, కొన్ని పూడవు. బాగా పారే గ్లేజ్ అయితే వెంట్రుకంత పగులు కలిసిపోతుంది. చిక్కగా కరిగే మ్యాట్ (మెరుపులేని) గ్లేజుల్లో మాత్రం అదే పగులు దగ్గర రెండు అంచులూ వెనక్కి ముడుచుకుని గుండ్రంగా మడత పడతాయి. హ్యాండిల్ కప్పుకి అతికిన మూల, గిన్నె అడుగు గోడని కలిసే వంపు, ఈ రెండు చోట్లా గ్లేజ్ మందంగా నిలుస్తుంది కాబట్టి ముందు అక్కడే చూడాలి. ఎండిన చెరువు మట్టిలా పెచ్చులు అంచులు లేపి కనిపిస్తే సూదితో ఒక పెచ్చుని మెల్లగా లేపండి. దాని కింద బిస్క్ (గ్లేజ్ వేయకముందు ఒకసారి కాల్చిన మట్టి) శుభ్రంగా, పొడి అంటకుండా బయటపడితే గ్లేజ్ అసలు పట్టుకోలేదని అర్థం. అలాంటిదాన్ని కాల్చకండి, కడిగేసి పూర్తిగా ఆరబెట్టి మళ్లీ గ్లేజ్‌లో ముంచండి. పొర గట్టిగానే పట్టుకుని పగులు మాత్రం ఉంటే వేలితో పొడిని ఆ పగుల్లోకి రుద్దితే చాలు. రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, అందులో ఉండేది ఊపిరితిత్తులకి హాని చేసే సిలికా.

అపోహ: గ్లేజ్ ఊడిపోతోందంటే బంక తక్కువైంది, సీఎంసీ గమ్ (సెల్యులోజ్‌తో చేసే బంక) కలిపితే సరి.

వాస్తవం: ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. గమ్ వల్ల పొర గట్టిపడుతుంది, చేతికి పొడి రాలదు, బ్రష్‌తో పూయడానికి హాయిగా ఉంటుంది, నిజమే. కానీ గ్లేజ్ ఆరేటప్పుడు కుంచించుకుపోయే గుణాన్ని గమ్ తగ్గించదు, పైగా ఆరడం ఆలస్యమై ముంచిన కుండ మీద చారలు కారతాయి, బకెట్‌లో కొన్నాళ్లకి వాసన కూడా వస్తుంది. అసలు కారణం చాలాసార్లు ఫార్ములాలోని పచ్చి మట్టి. పచ్చి కయొలిన్ (తెల్లటి చైనా మట్టి) 20 శాతం దాటిందంటే, లేదా బాల్ క్లే (బాగా సాగే జిగట మట్టి) ఎక్కువగా వేశారంటే, ఆరేటప్పుడు ఆ పొర కుదించుకుంటుంది, కింద ఉన్న బిస్క్ మాత్రం కదలదు. ఆ లాగుడులో పొర చీలుతుంది. కయొలిన్‌లో సగం తీసేసి దాని బదులు కాల్చిన కయొలిన్ వాడండి. కాల్చేటప్పుడు మట్టిలోని నీరు పోతుంది కాబట్టి 100 గ్రాముల పచ్చిదానికి సుమారు 88 గ్రాములు కాల్చింది సరిపోతుంది. కొనాల్సిన పని కూడా లేదు, బిస్క్ చేసిన గిన్నెలో కయొలిన్ పోసి తర్వాతి బిస్క్ ఫైరింగ్‌లో పెట్టేస్తే చాలు. అలాగని పచ్చి కయొలిన్ మొత్తం తీసేయకండి, బకెట్ అడుగున గ్లేజ్ రాయిలా పేరుకుపోతుంది.

అపోహ: మందంగా పడితేనే రంగు బాగా వస్తుంది, కాబట్టి ఒకదాని మీద ఒకటి ముంచాలి.

వాస్తవం: మొదటి పొర ఆరిపోయాక రెండోది ముంచితే, కొత్త నీటికి మొదటి పొర మళ్లీ తడిసి, ఉబ్బి, బిస్క్ నుంచి లేచిపోయే ప్రమాదం ఉంది. మందం కంటితో అంచనా వేయడం కంటే తూచడం మేలు. 100 మిల్లీలీటర్ల గ్లేజ్ 140 నుంచి 150 గ్రాముల మధ్య తూగితే ముంచడానికి సాధారణంగా బాగుంటుంది, అంతకన్నా బరువుంటే నీళ్లు కలపండి.

అపోహ: బిస్క్ ఎంత ఎక్కువ వేడికి కాలిస్తే కుండ అంత గట్టి, గ్లేజ్‌కీ అంత మంచిది.

వాస్తవం: కుండ గట్టిపడుతుంది కానీ నీరు పీల్చడం మానేస్తుంది. గ్లేజ్ పట్టుకునేదే ఆ పీల్పు వల్ల. మామూలుగా 1000 నుంచి 1060 డిగ్రీల సెల్సియస్ మధ్య బిస్క్ చాలు. ఒక నీటి చుక్క వేసి చూడండి, వెంటనే ఇంకిపోతే ఫర్వాలేదు, పూసలా నిలబడితే సమస్యే.

దుమ్ము, చేతి క్రీమ్ అంటిన చోట గ్లేజ్ పట్టదని అందరూ చెబుతారు, అది అపోహ కాదు, నూటికి నూరుపాళ్లు నిజం. తడి స్పాంజితో తుడవండి, నానబెట్టకండి, తుడిచాక ఆరనివ్వండి. కుండ నీళ్లు తాగేసి ఉంటే గ్లేజ్‌కి చోటుండదు. అలాగే ముంచిన రోజే కిల్న్‌లో పెట్టేసి వేడి వేగంగా పెంచితే లోపలి తడి ఆవిరై పొరని తోసేస్తుంది. ఆ ఒక్క విషయంలో కిల్న్ తప్పు కూడా ఉంది.

అపోహ: కాలిన తర్వాత అంచుల దగ్గర గ్లేజ్ పెచ్చులుగా ఎగిరిపోతే అదీ పట్టకపోవడమే.

వాస్తవం: కాదు, ఇది షివరింగ్. దీని మందు వేరు. చల్లారేటప్పుడు మట్టి ఎక్కువగా, గ్లేజ్ తక్కువగా కుదించుకుంటే గ్లేజ్ మీద విపరీతమైన ఒత్తిడి పడి అంచుల దగ్గర పగిలి లేస్తుంది. సిలికా తగ్గించడమో, సోడా ఫెల్డ్‌స్పార్ (గ్లేజ్‌ని కరిగించే ఖనిజం) లాంటివి పెంచడమో చేయాలి. క్రేజింగ్ అంటే సన్నటి గీతల వల, దానికి సరిగ్గా వ్యతిరేకం, సిలికా పెంచాలి. ఈ రెండూ తారుమారు చేస్తే సమస్య రెట్టింపవుతుంది. షివరింగ్ వచ్చిన కప్పు ఎంత అందంగా ఉన్నా తాగడానికి ఎవరికీ ఇవ్వకండి, రాలే పెచ్చు గాజు ముక్కతో సమానం.

క్రాలింగ్ అయిన కుండని మళ్లీ కాల్చి బాగుచేయొచ్చా? బోసి మచ్చ చిన్నదైతే ప్రయత్నించండి. మడత పడిన అంచుల్ని తడిపి అరగదీసి, కుండని చేయి పెట్టలేనంత వేడి చేసి, చేతి తొడుగులతో పట్టుకుని, గమ్ కలిపిన గ్లేజ్‌ని బ్రష్‌తో పూయండి. గమ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. అరచేతంత మచ్చ అయితే మాత్రం నేనైతే ఆ కుండ పక్కన పెట్టి, అదే బకెట్ నుంచి ఒక టెస్ట్ ముక్క ముంచి, ఆరాక దాని మూలలు చూస్తాను.