పోలిక ఎక్కడ ఉంటుంది? పోర్ట్రెయిట్ మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో పోర్ట్రెయిట్, అంటే చూడగానే ఫలానా మనిషని పోలిక తెలిసేలా ముఖం గీయడం నేర్పుతుంటాను. కొత్తగా చేరేవాళ్లు ముందు అడిగేది ఒకటే: కళ్లు ఎలా గీయాలి?

అపోహ: కళ్లు కుదిరితే పోలిక వచ్చినట్టే.

వాస్తవం: బస్టాండులో అంత దూరం నుంచి, కళ్లు కనబడకముందే మనవాళ్లను గుర్తుపడతాం. తల ఆకారం, మెడ వంపు, నుదురుకూ ముక్కుకూ గడ్డానికీ మధ్య దూరాలు: పోలిక ముందు అక్కడ ఉంటుంది. నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ కళ్లను బాగా పైకి పెట్టేస్తారు. పెద్దవాళ్లలో నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు సుమారు సగంలో ఉంటాయి, చిన్నపిల్లల్లో ఇంకాస్త కిందికి. నుదురు, జుట్టు మీద మన ధ్యాస ఉండదు కాబట్టి వాటికి చోటు తగ్గించేస్తాం.

అందుకే నా క్లాసులో ముందు నాలుగైదు తిన్నని గీతలతో తల బయటి ఆకారం, తర్వాత నీడల హద్దులు, చివరికి కళ్లు. యూరప్ స్టూడియోల నుంచి వచ్చిన ‘సైట్-సైజ్’ పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. కాగితాన్ని మనిషి పక్కనే నిలబెట్టి, కొన్ని అడుగులు వెనక్కి వెళ్లి చూస్తే బొమ్మా మనిషీ ఒకే సైజులో కనిపించాలి. దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీస్తే పెదవి అంచు కంటి మూలకు సూటిగా కిందికి ఉందో, పక్కకు జరిగి ఉందో తెలిసిపోతుంది.

అపోహ: పుట్టుకతో చెయ్యి తిరగాలి.

వాస్తవం: వాన్ గో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నది 1880లో, 27 ఏళ్ల వయసులో. అప్పుడు ఫ్రెంచ్ చిత్రకారుడు షార్ల్ బార్గ్ డ్రాయింగ్ పాఠాల బొమ్మలను ముందు పెట్టుకుని ఓపికగా చూసి గీశాడు. ఆ పాఠాలు ఇప్పటికీ మాకు మొదటి మెట్టు.

అపోహ: ఫొటో మీదా కాగితం మీదా గళ్లు గీసుకుని, గడి చూసి గడి దించడం మోసం.

వాస్తవం: ఇటలీలో చిత్రకళ మీద పుస్తకం రాసిన ఆల్బెర్టి 1435లోనే దారాల గళ్లున్న పల్చటి తెరలోంచి చూసి గీయమని రాశాడు. అయితే గళ్లకే అలవాటు పడితే ఎదురుగా కూర్చున్న మనిషిని గీయడం కష్టమవుతుంది.

అపోహ: నల్లగా ఉన్నవాళ్లను గీయాలంటే ముఖమంతా ముదురుగా రుద్దాలి.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. చర్మం మీద తళుక్కుమనే మెరుపు పైపొర నుంచే తిరిగి వస్తుంది, లోపలి రంగుతో దానికి పెద్దగా సంబంధం లేదు. అందుకే నల్లని ముఖంలో నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక మీది మెరుపు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే పాలంపేట వెళ్లి రామప్ప గుడి నల్లరాతి మదనికలను (స్త్రీ శిల్పాలను) పక్క వెలుగులో చూడండి. కళ్లు సగం మూసి చూస్తే వెలుగు, నీడ రెండు ముక్కలుగా విడిపోతాయి. ఆ రెంటినీ కలపకుండా ఉంచడమే అసలు పని. పక్కనున్న వాటి మీద పడి నీడలోకి తిరిగొచ్చే వెలుగును కూడా మరీ తెల్లగా చూపకూడదు. పెన్సిల్ ముదురైన కొద్దీ మెరుస్తుంది, కాబట్టి ఇలాంటి ముఖాలకు చార్కోల్ (బొగ్గు కడ్డీ) మేలు. వేలితో రుద్దకండి, చేతి జిడ్డు కాగితానికి పడుతుంది.

‘కొంచెం తెల్లగా వేయండి సార్’ అని అడుగుతారు. చర్మాన్ని తెల్లబరిచేస్తే మెరుపుకూ దానికీ ఉన్న తేడా తగ్గి ముఖం చదునైపోతుంది. ఎండలో పొలం చేసిన నాయనను తెల్లగా గీసి గోడకు పెట్టుకుంటే, రేపు మనవలు చూసేది ఎవరిని?

అపోహ: ఫోన్లో ఫొటో ఉంటే చాలు.

వాస్తవం: చేయి చాపినంత దూరంలో తీసిన ఫొటోలో ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. దాన్ని ఉన్నదున్నట్టు గీస్తే తప్పును కూడా గీసినట్టే. పోయినవాళ్ల బొమ్మ కోసం వచ్చేవాళ్లను నేను మూడు నాలుగు ఫొటోలు అడుగుతాను. వాటిలో ఒకటైనా ఆరేడు అడుగుల దూరం నుంచి, కిటికీ పక్క వెలుగులో తీసినది ఉంటే మంచిది. ఫ్లాష్‌తో ఎదురుగా తీసిన ఫొటోలో నీడలు ఉండవు, ముఖం గుండ్రదనం దొరకదు. అలాంటిది ఒక్కటే ఉంటే, అదే పోలిక ఉన్న కొడుకునో కూతురునో కిటికీ దగ్గర కూర్చోబెట్టి నీడలు ఎలా పడుతున్నాయో చూసుకుంటాను.